తొమ్మిదడుగుల ఎత్తున్న షాపుకి ఏ సీలింగ్ నప్పుతుంది? అంగుళాల లెక్కతో ఒక పోలిక

షట్టర్ ఎత్తి లోపలికి వెళ్లగానే నేను చేసే మొదటి పని టేపు తీయడం. నేల నుంచి స్లాబు దాకా ఒక కొలత, బీము కింద ఇంకో కొలత. ఈ మధ్య విజయవాడలో బట్టల షాపు కోసం చూసిన ఒక గదిలో స్లాబు కింద 9 అడుగుల 4 అంగుళాలు వచ్చింది. బీము కింద 8 అడుగుల 1 అంగుళం. ఓనరు గారు ఫోన్‌లో ఒక ఫొటో చూపించి "అచ్చం ఇలాగే కావాలండీ" అన్నారు. అందులో మూడు అంచెల జిప్సం సీలింగ్, అంచుల్లో కోవ్ లైటు (అంచు వెనక దాచిన వెలుగు), నడిమధ్యన సీలింగ్‌లోకి దూర్చి పెట్టే కాసెట్ ఏసీ ఉన్నాయి. ఆ ఫొటోలోని హాలు పన్నెండు అడుగులకి తక్కువ ఉండదు. దాన్నే ఈ గదిలోకి దింపితే నెత్తిమీద మూత పెట్టినట్టుంటుంది.

మన ఊళ్లలో షాపులు, క్లినిక్కులు, కోచింగ్ సెంటర్లు చాలావరకు ఇంటి లెక్కన కట్టిన బిల్డింగుల్లోనే నడుస్తాయి. అంతస్తుకి అంతస్తుకి మధ్య 10 అడుగులు. అందులో స్లాబు మందం 5 అంగుళాలు, ఫ్లోరింగుకి 3 అంగుళాలు పోతే మిగిలేది సరిగ్గా ఆ 9 అడుగుల 4 అంగుళాలే. ఇంత ఎత్తులో అందమైన సీలింగ్ రాదనుకోకండి, వస్తుంది. కాకపోతే జిప్సమా, చట్రంలో పలకలు పేర్చే గ్రిడ్డా అన్న ప్రశ్న చివర్లో రావాలి. ఏసీ ఎక్కడ, ఫ్యాన్ ఉందా లేదా, వైర్లు ఏ దారిన పోతాయి అన్నవి ముందు తేలాలి. అవి తేలితే సీలింగ్ సగం తేలినట్టే.

ముందు రాసుకోవాల్సిన కొలతలు

మూడు కొలతలు కాగితం మీద పెట్టండి: స్లాబు కింద ఎత్తు, అన్నిటికంటే కిందికి ఉన్న బీము కింద ఎత్తు, పై అంతస్తు బాత్రూముల నుంచి వేలాడే పైపులుంటే వాటి కింద ఎత్తు. మూడోది చాలామంది మర్చిపోతారు. పనివాళ్లు ఫ్రేము కట్టడం మొదలుపెట్టాక ఆ పైపు బయటపడితే, దాన్ని దాచడం కోసం గది మొత్తాన్ని ఆరంగుళాలు కిందికి దింపేస్తారు. పైపున్న ఆ ఒక్క మూలనే బాక్సు కట్టేస్తే మిగతా గది బతుకుతుంది.

మన జాతీయ భవన నియమావళి 2016 ప్రకారం ఏసీ గదిలో ఫాల్స్ సీలింగ్ గానీ, డక్టు (ఏసీ గాలి గొట్టం) గానీ నేల నుంచి 2.4 మీటర్ల కంటే కిందికి రాకూడదు. అంటే సుమారు 7 అడుగుల పదిన్నర అంగుళాలు. అది నియమం ఒప్పుకునే ఆఖరి గీత. మనిషి హాయిగా నిలబడే ఎత్తు అంతకంటే ఎక్కువ ఉండాలి. జనం నిలబడి తిరిగే చోట గది మొత్తం సీలింగ్‌ని 8 అడుగుల 6 అంగుళాల కిందికి నేను దింపను. ఈ లెక్కన పైన చెప్పిన గదిలో మన చేతిలో ఉన్నవి 10 అంగుళాలు. ఫ్రేము, లైటు, వైరు, ఏసీ అన్నీ ఆ పదిలోనే సర్దుకోవాలి.

ఆ పది అంగుళాల్నీ ఒక్క దెబ్బకి తినేసేది కాసెట్ ఏసీ. దాని బాడీయే 10 నుంచి 12 అంగుళాలుంటుంది. పైన వేలాడదీయడానికి కాస్త సందు, నీళ్లు పోయే పైపుకి వాటం కలిపితే లెక్క దాటిపోతుంది. డక్టు ద్వారా గాలి పంపే సన్నటి డక్టబుల్ ఏసీ యూనిట్లు 8 అంగుళాల్లో దొరుకుతాయి. వాటిని గది మధ్యలో కాకుండా ఒక గోడ వారన పెట్టి, ఆ గోడ పొడవునా మాత్రమే సీలింగ్ దింపొచ్చు. గోడకి పెట్టే మామూలు స్ప్లిట్ ఏసీకి సీలింగ్ దింపాల్సిన అవసరమే లేదు. ఎత్తు తక్కువ గదికి ఇంతకంటే మంచి స్నేహితుడు లేడు. ఒక్క జాగ్రత్త: దాని నెత్తిమీద కనీసం నాలుగైదు అంగుళాల ఖాళీ వదలాలి, గాలి లోపలికి పోయేది అక్కణ్ణుంచే. సీలింగ్‌ని ఏసీకి ఆనించేసి, తర్వాత "చల్లదనం రావట్లేదు" అని మెకానిక్‌ని పిలిచిన షాపులు నేను చూశాను.

సీలింగ్ ఫ్యాను రెక్కలు పైకెత్తిన చేతికి అందనంత ఎత్తులో ఉండాలి. ఫ్యాన్ ఉన్న గదిలో దాని రెక్కల పైన డౌన్‌లైట్ (సీలింగ్‌లో దూర్చి కిందికి వెలిగే లైటు) పడకుండా చూసుకోండి. పడితే రెక్క తిరిగినప్పుడల్లా వెలుగు టపటపా తెగుతుంది. లెక్కల పుస్తకం ముందు కూర్చున్న మనిషికి పది నిమిషాల్లో తలనొప్పి పట్టుకుంటుంది. అలాంటి చోట గోడ ఫ్యాన్లే మేలు.

ఇవి కాక చూడాల్సినవి ఇంకో నాలుగు: గదిలో శబ్దం ఎంత గింగిర్లు తిరుగుతుంది, పైన ఏదైనా పాడైతే విప్పడం ఎంత తేలిక, పై నుంచి వేడి గానీ చెమ్మ గానీ దిగుతుందా, నిప్పంటుకుంటే ఏమవుతుంది.

ఒక చూపులో

| రకం | తినే ఎత్తు | శబ్దం | పైన రిపేరు | ఖర్చు |
|---|---|---|---|---|
| రంగేసిన స్లాబు, సీలింగ్ లేకుండా | 0 (లైట్లు వేలాడే చోట 3–5 అంగుళాలు) | గింగిరుమంటుంది | అంతా కళ్లెదుటే | అనుకున్నంత తక్కువ కాదు |
| అంచుల్లో మాత్రమే జిప్సం | మధ్యలో 0, అంచుల్లో 6–10 అంగుళాలు | ఓ మోస్తరు | మూత పెట్టిన చోటే | మధ్యస్థం |
| స్లాబుకి దగ్గరగా కొట్టిన జిప్సం | 2–3 అంగుళాలు | గింగిరుమంటుంది | కష్టం, కోయాలి | మధ్యస్థం |
| వేలాడదీసిన మామూలు జిప్సం | 5–6 అంగుళాలు, ఆపైన | గింగిరుమంటుంది | కష్టం | మధ్యస్థం |
| 2×2 అడుగుల గ్రిడ్, మినరల్ ఫైబర్ పలకలు | 5–6 అంగుళాలు | బాగా తగ్గుతుంది | పలక ఎత్తితే చాలు | మధ్యస్థం |
| స్ట్రెచ్ సీలింగ్ (లాగి కట్టిన పల్చటి పొర) | ఒకటిన్నర–2 అంగుళాలు | మామూలు రకంలో తగ్గదు | విప్పడానికి వాళ్లే రావాలి | ఎక్కువ |
| పీవీసీ పట్టీలు | 2–3 అంగుళాలు | తగ్గదు | కొంచెం కష్టం | తక్కువ |
| బాఫిల్స్ (సందులు వదిలి వరుసగా నిలువుగా వేలాడదీసే పట్టీలు) | 3–6 అంగుళాలు, సందులు కనిపిస్తాయి | ఫెల్ట్ (మందపాటి ఉన్నిలాంటి గుడ్డ) అయితే తగ్గుతుంది | తేలిక | ఎక్కువ |

స్లాబుని అలాగే వదిలేస్తే

ఎత్తు అస్సలు పోగొట్టుకోలేని వాళ్లకి ఇదే మొదటి దారి. కాఫీ షాపులు, జిమ్‌లు, స్టార్టప్ ఆఫీసుల్లో మీరు చూసే ఉంటారు. పైన పైపులు, ట్రేలు కనిపిస్తూ ఉంటాయి, అన్నిటికీ ఒకే రంగు.

"సీలింగే లేదు కదా, డబ్బు మిగులుతుంది" అన్న ఆశతో దీంట్లోకి దిగకండి. దాచడానికి సీలింగ్ లేనప్పుడు ఎలక్ట్రీషియన్ లాగిన ప్రతి పైపూ డిజైనే. వంకర పైపు వంకరగానే కనిపిస్తుంది. సెంట్రింగ్ పలకల గీతలు, సిమెంటు పట్టక గుల్లబారిన మచ్చలు, పాత ఫ్యాన్ హుక్కులు అన్నీ ముందు శుభ్రం చేయాలి. పైపుల్ని గోడకి సమాంతరంగా, ఒకే వరుసలో, బీము పక్కనుంచి నడిపించాలి. ఆ పనికి మంచి చెయ్యున్న ఎలక్ట్రీషియన్ కావాలి, అతనికి రోజులూ ఎక్కువ కావాలి.

రంగు మీద పెద్ద వాదన ఉంది. నల్లరంగేస్తే పైభాగం మాయమైపోతుందంటారు. ఎత్తయిన హాల్లో, లైట్లు బాగా కిందికి వేలాడుతున్నప్పుడు అది నిజం. తొమ్మిదడుగుల గదిలో స్లాబు కంటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి నలుపు మాయం కాకుండా బరువుగా కూర్చుంటుంది. వెడల్పు ఎక్కువున్న గదుల్లో మరీనూ. నా ఓటు మెరుపులేని తెలుపుకి, లేదా గోడ రంగునే రెండు షేడ్లు లేతగా చేసి పైకి తీసుకెళ్లడానికి. బూడిద, నలుపు రంగులు తప్పదనుకుంటే గది వెనక భాగానికో, క్యాష్ కౌంటర్ పైభాగానికో పరిమితం చేయండి.

మీ గది పై అంతస్తులో ఉండి, పైన ఎండ తగిలే డాబా ఉంటే స్లాబుని వదిలేసే ఆలోచన మానుకోండి. మే నెలలో ఆ స్లాబు సాయంత్రం దాకా వేడిని కక్కుతూనే ఉంటుంది, ఏసీ ఆగకుండా తిరుగుతుంది. తప్పనిసరైతే ముందు డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ప్రత్యేకంగా ఒక విధానమే తెచ్చింది.

అంచుల్లో మాత్రం దింపి, మధ్యని వదిలేయడం

నన్నడిగితే చిన్న షాపులకి ఎక్కువసార్లు నప్పేది ఇదే. గోడ వారన రెండడుగుల వెడల్పున జిప్సం దింపుతాం. వైర్లు, సన్నటి డక్టు, లైట్లు అన్నీ ఆ పట్టీలోకి వెళ్లిపోతాయి. మధ్యలో స్లాబు దాకా ఖాళీగా ఉంటుంది.

మండువా లోగిలి గుర్తు తెచ్చుకోండి. వసారాలో చూరు తలకి తగులుతుందేమో అన్నంత కిందికి ఉంటుంది. రెండడుగులు లోపలికి వేయగానే మండువాలో ఆకాశం తెరుచుకుంటుంది. చూరు అంత కిందికి ఉండబట్టే ఆకాశం అంత పైన అనిపిస్తుంది. షాపులో కూడా అంచు దిగితేనే మధ్య లేస్తుంది. బట్టల ర్యాకులు, అద్దాల బీరువాలు ఎలాగూ గోడ వారనే ఉంటాయి. కాబట్టి దింపిన భాగం కింద ఎవరూ ఎక్కువసేపు నిలబడరు, 8 అడుగులున్నా ఇబ్బందనిపించదు.

నేను పని మొదలుపెట్టిన కొత్తలో దీన్ని తలకిందులుగా చేశాను. ఒక రెడీమేడ్ షాపులో గది మధ్యన ఏడంగుళాలు దింపి, దాని చుట్టూ లైటు దాచాను. కాగితం మీద బాగుంది. షాపు తెరిచాక కస్టమర్లు ముందు వరుస ర్యాకుల దగ్గరే ఆగిపోవడం చూశాను. మధ్యలో వేలాడే ఆ పలక కింద నుంచి నడవడానికి మనుషులకి తెలియకుండానే జంకు పుట్టింది. కొన్ని నెలలకే మధ్య భాగం తీయించేశాం. అంచు మాత్రం ఉంచాం. అప్పట్నుంచి తక్కువ ఎత్తులో నడవ మీద సీలింగ్ దింపమని ఎవరు అడిగినా ఒప్పుకోను.

కోవ్ లైటు పెట్టేటప్పుడు స్లాబుకీ, అంచు పెదవికీ మధ్య కనీసం 4 అంగుళాలు వదలండి. అంతకంటే తక్కువైతే వెలుగు స్లాబు మీద పరుచుకోకుండా ఒక గీతలా అక్కడే మండుతుంది. స్ట్రిప్ మాడిపోతే మార్చడానికి చెయ్యి కూడా దూరదు.

బీము సంగతి ఇక్కడే చెప్పాలి. బీముని దాచడానికి మొత్తం సీలింగ్‌ని బీము మట్టానికి దింపితే మన గదిలో 15 అంగుళాలు పోతాయి. దాచకండి. రెండు బీముల మధ్యనున్న ఒక్కో గడినీ విడి గదిలా చూడండి: బీము పక్కలకి పుట్టీ పెట్టి అంచులు పదునుగా తీయించి, దాని పక్కనే సన్నటి ప్రొఫైల్ లైటు (పొడవాటి పట్టీ లైటు) నడిపి, వెలుగు స్లాబు మీదికి పోయేలా చేయండి. అడ్డమనుకున్న బీమే డిజైన్ అవుతుంది.

జిప్సం: స్లాబుకి దగ్గరగా కొట్టించుకుంటారా, వేలాడదీస్తారా

జిప్సం బోర్డుకి నేను గౌరవం ఇవ్వడానికి ఒక కారణం నిప్పు. అందులో బరువులో ఐదో వంతు దాకా రసాయనికంగా పట్టి ఉన్న నీరే. మంట తగిలితే ముందు ఆ నీరు ఆవిరవ్వాలి, అప్పటిదాకా మంట పైకి పాకడం నెమ్మదిస్తుంది. నున్నగా వస్తుంది, ఏ ఆకారం కావాలన్నా కోసుకోవచ్చు.

మామూలుగా వేలాడదీస్తే 5, 6 అంగుళాలు పోతాయి. స్లాబుకి దగ్గరగా చిన్న క్లీట్లతో (బిగించే ముక్కలతో) చానెల్, అంటే బోర్డుని మోసే ఇనుప పట్టీ, కొట్టిస్తే 2, 3 అంగుళాలతో సరిపోతుంది. కానీ అంత సందులో లోతైన డౌన్‌లైట్లు పట్టవు. సన్నటి ప్యానెల్ లైట్లు లేదా పైకి బిగించే లైట్లే వాడాలి. లైటు కొనేముందు డబ్బా మీద దాని లోతు చూడండి. స్లాబు మట్టం ఎగుడుదిగుడుగా ఉంటే ఆ తేడా కూడా ఈ రెండు మూడు అంగుళాల్లోనే సర్దుకోవాలి.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో తేమ తట్టుకునే ఆకుపచ్చ బోర్డు, జింకు పూత సరిగా ఉన్న చానెల్ అడిగి తీసుకోండి. పైన బాత్రూము ఉంటే కింద జిప్సం పెట్టే ముందు ఆ లీకు సంగతి తేల్చండి. పసుపు మచ్చ ఒకసారి వస్తే రంగేసినా మళ్లీ పైకి తేలుతుంది.

గ్రిడ్ సీలింగ్

దీన్ని "ఆఫీసు సీలింగ్" అని చిన్నచూపు చూస్తారు. కానీ పది మంది ఒకేసారి ఫోన్లో మాట్లాడే గదికి, పాఠం చెప్పే గదికి ఇంతకంటే మంచిది లేదు. మినరల్ ఫైబర్ పలక శబ్దాన్ని తాగేస్తుంది. పైన వైరు తెగితే ఒక పలక ఎత్తి చూసుకోవచ్చు. అలా ఎత్తి వంచడానికే 5, 6 అంగుళాల సందు తప్పనిసరి. దాన్ని మూడంగుళాలకి కుదిస్తే పలక బయటికి రాదు, విరుగుతుంది. 9 అడుగుల 4 అంగుళాల గదిలో గ్రిడ్ పెడితే మిగిలేది 8 అడుగుల 10 అంగుళాలు. కూర్చుని పనిచేసే చోట అది హాయిగానే ఉంటుంది.

కిరాణా, బేకరీ, టిఫిన్ సెంటరు పెట్టేవాళ్లు ఒకటి ఆలోచించాలి. తిండి ఉన్నచోట ఫాల్స్ సీలింగ్ పైన ఎలుకలు కాపురం పెడతాయి, వైర్లు కొరుకుతాయి. పలకలు ఎత్తగలిగితే కనీసం బోను పెట్టొచ్చు. మూసేసిన జిప్సం పైన అయితే ఆ అవకాశమూ ఉండదు.

స్ట్రెచ్, పీవీసీ, బాఫిల్స్

స్ట్రెచ్ సీలింగ్ అంటే గది చుట్టూ పట్టాలు బిగించి, వేడిచేసిన పల్చటి పొరని వాటిలో లాగి పెట్టడం. ఒకటిన్నర అంగుళంలో అయిపోతుంది. మెరిసే రకం పెడితే కింద ఉన్నదంతా నీళ్లలో నీడలా పైన కనిపిస్తుంది, గది రెట్టింపు ఎత్తున్నట్టు అనిపిస్తుంది. పట్టుచీరల షాపులో చీర విప్పి పరిచినప్పుడు పైన కూడా ఆ రంగు విచ్చుకోవడం చూడటానికి చాలా బాగుంటుంది. ఇబ్బందులు రెండు: మొనదేలిన వస్తువు తగిలితే చిరుగుతుంది, దాన్ని బాగుచేసేవాళ్లు చిన్న ఊళ్లలో దొరకరు. పై వరుస డ్రెస్సులు దోటికర్రతో దించే షాపుల్లో ఆ కర్ర చివరే దీనికి శత్రువు. వెనక నుంచి వెలిగే రకమైతే ఎత్తు ఆదా కూడా పోతుంది. లైట్లు చుక్కలుగా కనపడకుండా ఉండాలంటే వెనక 4 నుంచి 6 అంగుళాలు కావాలి.

పీవీసీ పట్టీలు నీళ్లకి చెడవు, కడుక్కోవచ్చు, చవక. కానీ మండితే ఊపిరాడని పొగ వస్తుంది. స్టోర్ రూముకి, వాష్ ఏరియాకి సరే. జనం నిండే హాలుకి నేను పెట్టను.

చెక్కలాగా కనిపించే బాఫిల్స్ ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. ఎత్తు తక్కువైనప్పుడు వాటిని మనం ఏటవాలుగా చూస్తాం కాబట్టి నాలుగడుగుల దూరం నుంచే సందులు మూసుకుపోయి, గట్టి సీలింగ్‌లా కనిపిస్తాయి. కాబట్టి గది మొత్తం పరచకుండా, రిసెప్షన్ పైనో బిల్లింగ్ కౌంటర్ పైనో ఒక చిన్న గుంపుగా పెట్టండి. పట్టీ లోతు 2, 3 అంగుళాలు దాటకుండా, సందు అంతకంటే ఎక్కువ ఉండేలా చూడండి.

ఎవరికి ఏది

బట్టల షాపు: అంచుల్లో జిప్సం, మధ్యలో తెల్ల స్లాబు, గోడకి స్ప్లిట్ ఏసీ. లైటు గోడల మీద పడాలి. ర్యాకు పైభాగం దాకా గోడ వెలిగితే చూపు అటే పోతుంది, సీలింగ్ తక్కువన్న సంగతి గుర్తుకు రాదు. రంగు నిజంగా కనిపించాలంటే సీఆర్‌ఐ (లైటు రంగుల్ని ఎంత సరిగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 ఉన్న లైట్లు అడగండి. లేకపోతే షాపులో మెరూన్ అనుకున్న చీర బయట గోధుమరంగుగా తేలుతుంది. బట్టలు తొడిగే బొమ్మల్ని అరుగు మీద నిలబెట్టకండి, తల సీలింగ్‌కి దగ్గరై గది ఎంత తక్కువుందో అందరికీ అదే చెబుతుంది.

డెంటల్ క్లినిక్: ఇక్కడ లెక్కే వేరు. పేషెంటు కుర్చీలో వెల్లకిలా పడుకుని అరగంటసేపు చూసేది సీలింగే. కళ్లకి ఎదురుగా డౌన్‌లైటు ఉంటే అది చికిత్సకంటే ఎక్కువ బాధ. కుర్చీ పైన నున్నటి జిప్సం, స్లాబుకి దగ్గరగా, ఏ లైటూ లేకుండా ఉంచండి. చుట్టూ దాచిన మెత్తటి వెలుగు చాలు. మెరిసే స్ట్రెచ్ పెడితే పేషెంటుకి నోరు తెరుచుకున్న తన ముఖమే పైన కనిపిస్తుంది. జుట్టు కడిగించుకోవడానికి వెనక్కి వాలే బ్యూటీ పార్లర్లకీ ఇదే మాట.

ఆడిటర్ ఆఫీసు, కోచింగ్ సెంటరు: గ్రిడ్. జోన్ మేయర్స్-లెవీ, రూయ్ జూ 2007లో ప్రచురించిన అధ్యయనంలో 8 అడుగుల, 10 అడుగుల గదుల్ని పోల్చారు. ఎత్తయిన గదిలో మనసు విడివిడి విషయాల్ని కలిపి చూడటం వైపు, తక్కువ ఎత్తులో ఒక్కొక్క వివరం మీద నిలవడం వైపు మొగ్గింది. ఖాతాలు చూసే గది ఎత్తు తక్కువుందని అంత దిగులు పడక్కర్లేదు.

కాఫీ షాపు: స్లాబుని వదిలేయండి, కానీ శబ్దానికి ఏదో ఒకటి చేయండి. గట్టి నేల, గాజు, ఖాళీ స్లాబు కలిస్తే పక్క టేబుల్ మాటే ఎక్కువ వినిపిస్తుంది. టేబుళ్ల పైన, స్లాబుకి అంటించినట్టుగా రెండంగుళాల ఫెల్ట్ పలకలు బిగిస్తే ఎత్తు పోదు, గొడవ తగ్గుతుంది. మొబైల్ షాపు, మెడికల్ షాపులకి ఇంత ఆలోచన అక్కర్లేదు. రంగేసిన స్లాబు, పైకి బిగించిన రెండు వరుసల ప్యానెల్ లైట్లు చాలు.

స్ప్రింక్లర్లు (నిప్పంటుకుంటే నీళ్లు చిమ్మేవి) ఉన్న బిల్డింగులో ఏ రకం ఎంచుకున్నా వాటి మూతుల్ని సీలింగ్ వెనక దాచడం, రంగు పూయడం చేయకూడదు. సీలింగ్ దింపితే వాటినీ దింపాలి, ఆ ఖర్చు ముందే అడగండి.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఇంకొక్క పని. మేస్త్రిని పిలిచి, సీలింగ్ ఎక్కడికి దిగుతుందో ఆ ఎత్తులో నాలుగు గోడలకీ మేకులు కొట్టించి, లైన్‌దారం అడ్డంగా నిలువుగా కట్టించండి. దింపిన భాగం అంతా ఒక పాత బెడ్‌షీటో, థర్మోకోల్ పలకలో ఆ దారం మీద వేయండి. షట్టర్ దగ్గర్నుంచి లోపలికి నడిచి రండి. తర్వాత మీకంటే పొడుగున్న మనిషిని నడిపించండి. అతను తల కాస్త వంచితే దారం ఇంకో రెండంగుళాలు పైకి కట్టించండి, గోడ మీద పెన్సిల్‌తో ఆ గీత గీయించి, ఫొటో తీసి, కొటేషన్‌లో ఆ కొలత రాయించాకే పని మొదలుపెట్టమనండి.